కంపెనీ బాబాయి స్టీరియో మార్చిన వైనం

మా బాబాయికున్న జబ్బు ఒక్కటే. కంపెనీ బిగించి పంపినదాన్ని మనిషన్నవాడు మార్చకూడదంటాడు. కారు కొని పందొమ్మిదేళ్లయినా సీట్ల మీది ప్లాస్టిక్ తొడుగులు తీయనివ్వలేదు. ఎండాకాలం ఆ కారెక్కితే, దిగేటప్పుడు సీటు కూడా మనతో వస్తానంటుంది. ఇదేమిటని అడిగితే, "కంపెనీవాడు తెలియకే తొడిగాడా?" అంటాడు. అందుకే చుట్టాలందరికీ ఆయన కంపెనీ బాబాయి.

అలాంటి కారులో స్టీరియో మూగబోయింది. బాబాయి నడుపుతుంటే పక్కన కూర్చుని పాటలు వెతికే పని మా పిన్నిది. ఆ పని పోయేసరికి ఆవిడ కారెక్కడమే మానేసింది. "పాటల్లేకుండా మీ బాబాయి కబుర్లు వినడం నా వల్ల కాదు" అని తేల్చేసింది. రోజూ సాయంత్రం షికారుకెళ్లే మనిషి మూడు వారాలుగా గుమ్మం దాటలేదు. బాబాయి ఆ గుమ్మంలోనే తాళాలు పట్టుకుని బిక్కమొహం వేసుకుని తిరిగాడు.

"పోనీ, కొత్తది పెట్టిద్దామా బాబాయ్?" అన్నాను తిట్లకి సిద్ధపడి.

"పద" అన్నాడు.

ఆయన మనసు మార్చుకునేలోగా చెప్పులు తొడుక్కున్నాను.

స్టీరియోల కొట్టతను నిలువెల్లా అద్దంలా మెరిసేదొకటి తెచ్చి పెట్టాడు. బాబాయి కళ్లు గట్టిగా మూసుకుని దాన్ని తడిమాడు.

"పనికిరాదు."

"సార్, ఇంకా ఆన్ చేయలేదు."

"ఇంకోటి తియ్యి."

రెండోదాన్నీ కళ్లు మూసుకునే తడిమాడు. అలా పదకొండయ్యాయి. కొట్టతను నన్ను పక్కకి పిలిచి, "ఈయనకి ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు. నాకూ అదే అనుమానంగా ఉంది. చివరికి అటక మీంచి దుమ్ముపట్టిన పెట్టె ఒకటి దించాడు. అందులో రెండు లావుపాటి తిప్పే నాబ్‌లున్న స్టీరియో ఉంది. నాబ్‌లు తడమగానే బాబాయి మొహం వెలిగిపోయింది. "ఇదే కావాలి" అన్నాడు, కళ్లు తెరవకుండానే.

"కళ్లు తెరిచి చూడు బాబాయ్. ఇంత అనాకారిది ఎవరైనా కొంటారా?"

బాబాయి గొంతు తగ్గించాడు. "మీ పిన్నికి ఏడాదిగా చూపు సరిగ్గా ఆనడం లేదురా. పాతదాని నాబ్‌లు వేళ్లకి అలవాటై నెట్టుకొస్తోంది. ఆ సంగతి ఎవరికీ తెలీదనుకుంటోంది. నువ్వూ తెలిసినట్టుండకు."

పోయినేడు నేను కారులో పాత స్టీరియో తీయించి పెద్ద టచ్ తెర పెట్టిస్తానంటే గంటసేపు కంపెనీవాణ్ణి ఎందుకు పొగిడాడో అప్పటికి నా బుర్రకెక్కింది. వెనకాల ఈయన్ని వెక్కిరించిన ప్రతిసారీ గుర్తొచ్చి సిగ్గేసింది.

ఆ సాయంత్రం పిన్ని కారెక్కింది. నేను వెనక కూర్చున్నాను. ఆవిడ చెయ్యి తిన్నగా నాబ్ మీదికే వెళ్లింది. పాట మొదలైంది.

"అదే స్టీరియో. బాగుచేయించానంతే. కంపెనీ సరుకంటే మాటలా" అన్నాడు బాబాయి.

"అవునవును" అంది పిన్ని.

దారిలో టైర్లకి గాలి పట్టించడానికి ఆయన దిగగానే పిన్ని వెనక్కి తిరిగింది.

"ఇది కొత్తది. పాతదానికి కుడి నాబ్ అంచున చిన్న నొక్కు ఉండేది. పాపం, నా కోసం కంపెనీవాణ్ణే వదులుకున్నారు. తెలిసిపోయిందని మీ బాబాయికి చెప్పకు."

వెనక సీటు ప్లాస్టిక్‌కి అతుక్కుపోయి, రెండు రహస్యాలూ మింగి కూర్చున్నాను. బాబాయి వచ్చి తలుపు వేసుకున్నాడు.

"కంపెనీవాడు రాసిన లెక్క ప్రకారమే కొట్టించాను గాలి" అన్నాడు.

పిన్ని నవ్వాపుకుంటూ కుడి నాబ్ తిప్పి పాట సౌండు పెంచింది.