ఇసాకప్ప అడిగిన మాట

పొద్దున పక్కింట్లో గంజి అడుగంటింది. ఆ మాడు వాసన గోడ దాటి వచ్చింది. ఇన్నేండ్లయినా ఆ వాసన తగిలితే నాకు ఇసాకప్ప దగ్గు వినపడుతుంది. నాకు సంతకం తప్ప రాయను రాదు. నేను చెప్తాండా, మా మనవరాలు రాస్తాండాది.

ఇసాకప్ప మా కులం కాదు, మా మతం కాదు. కొచ్చి నుంచి వచ్చిన యూదుడు. పులివెందుల దిక్కు రాతినార, అదే ఆస్బెస్టాస్, గనుల్లో ఇరవై ఏండ్లు మేస్త్రీగా చేసి, ఆ దుమ్ముకు రొమ్ము పాడైనాక జమ్మలమడుగు పక్కన మా మగ్గాల వీధిలో ఒక గది బాడుగకు తీసుకున్నాడు. పెండ్లాం బిడ్డలు లేరు. పొద్దున్నే అరుగు మీద కూర్చొని, కుడి నుంచి ఎడమకు పోయే అక్షరాల పాత పుస్తకం చదివేవాడు. ఆ చదువు పేరు కబ్బాలా అంట, యూదుల దేవుని విద్య. వీధిలో అందరూ మంత్రాల పుస్తకం అనుకున్నారు. నేనూ అట్లే అనుకున్యా.

అప్పుడు యుద్ధం. నూలు దొరకదు, వాన రాదు. నా మొగుడు పోయి ఏడాది. నాకు మిగిలింది రెండు మగ్గాలు, ఒక ఆడపిల్ల. ఆ మగ్గాలు ఆగకుండా ఏదన్నా మంత్రం చెప్పప్పా అని పోయి అడిగితే నవ్వినాడు, దగ్గినాడు, మళ్లా నవ్వినాడు. ఇది తెచ్చుకునే విద్య కాదు, ఎట్లా తీసుకోవాలో నేర్పే విద్య అన్నాడు. దేవుడు పోసేవాడంట, మనిషి పట్టే కుండ అంట. కుండకు ఆశ ఉండడం తప్పు కాదు, పట్టిందంతా తనలోనే దాచుకుంటే కుళ్లుతాది, ఇంకొకరికి పోసేదానికి పట్టుకుంటే కుళ్లదు అన్నాడు. యూదుల్లో నలభై దాటిన మగవాళ్లకే ఆ చదువు చెప్తారంట. "నీకు ముప్పై లేవు, పైగా ఆడదానివి. కానీ నీ అంత ఆశగల మనిషిని నేను చూడలేదు. నీకు చెప్పక ఎవరికి చెప్పాలి?" అన్నాడు. అది తిట్టో మెప్పో నాకు ఇప్పటికీ తెలీదు.

ఆయన నాకు పెట్టిన పాఠం ఒకటే. ఏ పనికి చెయ్యి పెట్టినా, ఎవరి కోసం అని నన్ను నేనే అడగాలి. జవాబు పైకి చెప్పాలి. బిడ్డ కోసం, దేవుని కోసం అని నేను మొదలుపెడితే కసిరినాడు. "అబద్ధాలు వద్దు లచ్చమ్మా. నా కోసమే అని చెప్పు. నీ చెవికి వినపడనీ." పొయ్యి ముట్టిస్తే నా కోసం. నీళ్లు తోడితే నా కోసం. సిగ్గేసేది, అయినా చెప్పేదాన్ని.

పడుగు అంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగులు. దాన్ని వీధి పొడుగునా చాచి, ఎండ ముదరకముందే గంజి పట్టించి కుంచెలతో దువ్వాలి. ఎనిమిది మంది లేనిదే కాదు. అందుకే ఒకరి పడుగుకు అందరం పోయేవాళ్లం. కూలి ఉండదు. గంజి కాగినాక ముందు సాయం వచ్చినోళ్ల వాటా పక్కకు తీసిపెట్టి, మిగిలిన దాంట్లో పురుగు పట్టకుండా మైలుతుత్తం, ఆ నీలం విషం, కలపాలి, కలిపినానని గట్టిగా చెప్పాలి. అది మా వీధి కట్టుబాటు. ఆ కరువులో ఆ ముంతెడు బియ్యం గంజి కోసమే కొందరు వచ్చేవాళ్లు. ఆ దినం పడుగు నాది. నాకు అది పెట్టబుద్ధి కాలేదు. కుండంతటికీ తుత్తం కలిపేసినా. చెప్తే నా పిసినారితనం బయటపడుతుందని చెప్పలేదు. అడిగితే గంజి చాల్లేదు అందామనుకున్యా.

సగం దువ్వినాక పక్కింటి రాములు, చంటిబిడ్డ తల్లి, మా ఇంట్లోంచి బయటికి వచ్చింది. "నీకెందుకు శ్రమ అని నా వాటా నేనే ముంచుకున్యాలే అక్కా" అనింది, మూతి తుడుచుకుంటా. తలుపు చాటు చీకట్లో గంజికి పట్టిన నీలం దానికి కనపడలేదు. ఆకలి మీద రుచి తెలియలేదు.

నా చేతిలో కుంచె ఆగిపోయింది. నోరు తెరవలేదు. కొంచెం తాగింటాది, ఏమీ కాదులే అనుకున్యా. పడుగు ఆ కొస నుంచి ఈ కొసకు వచ్చేలోపల రాములు కడుపు పట్టుకొని కూలబడింది. వాంతి మీద వాంతి. ఎవరో గత్తర అన్నారు, అదే కలరా. అంతే, అందరూ ఎడంగా జరిగినారు. ఒకరు బిడ్డను లాక్కున్నారు, ఒకరు గత్తర మందుకు పరిగెత్తినారు. అది గత్తర కాదని నాకొక్కదానికే తెలుసు. చెప్తే ఇంక నా పడుగుకు ఎవరూ రారు. మగ్గం ఆగితే నా బిడ్డకు కూడు లేదు. చెప్పకపోతే రాములు నా కండ్ల ముందరే పోతాది. గంజి పోగుల మీద ఆరిపోతాండాది. నేను నిలబడే ఉండా.

ఇసాకప్ప అరుగు దిగి వచ్చినాడు. వాంతి రంగు చూసినాడు, నన్ను చూసినాడు. మెల్లగా అడిగినాడు.

"లచ్చమ్మా, ఎవరి కోసం నోరు మూసుకున్నావు?"

"నా కోసం."

అలవాటు కొద్దీ వచ్చేసింది, వీధంతా వినపడేటట్టు. ఆ మాట వచ్చినాక మిగతాది ఆగలేదు. తుత్తం కలిపినా, చెప్పలేదు, కావాలనే చెప్పలేదు అన్యా. గనుల్లో ఇట్లాంటివి చూసినాడో ఏమో, ఆయన కోడిగుడ్లు తెమ్మని కేకేసినాడు. తెల్లసొన, పాలు పోసినాం, కక్కించినాం, మళ్లా పోసినాం. పొద్దు వాలేటప్పటికి రాములు కండ్లు తెరిచి బిడ్డ యాడ అని అడిగింది.

దాని అత్త నా దిక్కు తిరిగి, "ఇంక నీ పడుగుకు నీ తుత్తమే వస్తాదిలే పో" అనింది. నా పడుగు ఎండలో బిగుసుకొని తాడు మాదిరి అయిపోయింది. మర్నాడు ఇసాకప్ప ముంత పట్టుకొని నా గడపలో నిలబడి గంజి పోయమన్నాడు. నేను ముందు తాగబోతే ముంత లాక్కున్నాడు. వీధంతా చూస్తాండగా గటగటా తాగి, "ఉప్పు తక్కువ" అన్నాడు.

ఆ తరువాత పిలవకపోయినా అందరి పడుగులకూ పోయినా. నాతో ఎవరూ మాట్లాడేది లేదు. నా మగ్గాలు ఆగినాయి, కూలీనాలీ చేసి బిడ్డను సాకినా. సాయంత్రం ఆయన అడిగేవాడు, ఎవరి కోసం పోయినావని. వాళ్లు నా పడుగుకు రావాలని, నా కోసమే అనేదాన్ని. సరే, అట్లనే పో అనేవాడు. అట్లా ఏడు నెలలు. ఒక దినం రాములు పడుగు మీదికి సుడిగాలి వచ్చింది. దుమ్ములో పోగులు చుట్టుకుంటాంటే దానికి ఒక కొస, నాకు ఒక కొస. చేతులు కోసుకుపోయినా వదల్లేదు. ఆ సాయంత్రం ఆయన అడిగితే నా కోసం అనే మాట నోటికి రాలేదు. ఇసాకప్ప ఇంకేమీ అడక్కుండా పుస్తకం మూసినాడు. మళ్లా నెలకు నా పడుగు చాచితే అందరికంటే ముందు రాములు వచ్చి కుంచె పట్టుకుంది.

స్వాతంత్ర్యం వచ్చే ముందు ఎండాకాలంలో ఆయన పోయినాడు. ఆ పుస్తకం చదివేవాళ్లు ఈడ ఎవరూ లేక ఆయనతోనే పూడ్చినాం. ఆయన అడిగిన మాట మాత్రం నాకు మిగిలింది. ఇప్పటికీ నన్ను నేనే అడుగుతా. ఎక్కువ దినాలు జవాబు నా కోసమే అని వస్తాది. ఒక్కో దినం రాదు.

ఇదంతా ఎవరి కోసం రాయిస్తాండావు అవ్వా అని మనవరాలు ఇప్పుడే అడిగింది. రాములు బిడ్డల కోసం అనబోయినా. సగం అబద్ధం. సగం నా కోసమే. రాయమ్మా, అది కూడా రాయి.