మగ్గం గుంట లోతు

నా చిన్నప్పుడు, మేము ఉప్పాడలో ఉండే రోజుల్లో, మా అమ్మకి మోకాళ్లు పట్టేయడం మొదలైంది. అప్పటికి ఆవిడకి ముప్పై కూడా నిండలేదు. మాది గుంట మగ్గం. అంటే నేలలో గొయ్యి తవ్వి, దాని అంచున కూర్చుని, కాళ్లు లోపలికి దించి, అడుగున ఉన్న కర్రల్ని తొక్కుతూ నేస్తారు. జామ్దానీ చీర ఒక్కరి వల్ల అయ్యే పని కాదు, పక్కపక్కన ఇద్దరు కూర్చోవాలి. నాకు ఊహ తెలియకముందే నాన్న పోయారు కాబట్టి ఆయన చోట అమ్మ కూర్చునేది, పక్కన మా తాతయ్య. సాయంత్రం పని దిగేసరికి అమ్మ గోడ పట్టుకుంటే గానీ లేవలేకపోయేది. "కాళ్లు చాపుకోడానికి చోటే ఉండట్లేదండీ మావయ్యగారూ, ముడుచుకుపోతున్నాయి" అనేది. తాతయ్య నువ్వుల నూనె వెచ్చజేసి, గిన్నె తెచ్చి ఆవిడ పక్కన పెట్టేవారు. "మన పనే అంతమ్మా, మోకాళ్లు తినేస్తుంది" అనేవారు. ముప్పై ఏళ్లు నిండకుండా మోకాళ్ల నొప్పులేంటని అడిగే వయసు నాది కాదు. పిల్లల కళ్లకి అమ్మలెప్పుడూ పెద్దవాళ్లే.

మా ఇంటికీ సముద్రానికీ మధ్య ఒకప్పుడు రెండు వీధులూ, ఒక కొబ్బరితోటా ఉండేవట. నాకు తెలిసేసరికి తోట లేదు, ఒక వీధి లేదు. మిగిలిన వీధిలో కూడా అటు వైపు ఇళ్లకి వెనక గోడలు లేవు. పోటు ఉన్న రోజున చాప మీద చెవి ఆనించి పడుకుంటే అల విరిగిన చప్పుడు గాల్లోంచి కాకుండా నేలలోంచి వచ్చేది. అది వినబడినప్పుడల్లా భయమేసి చెవి ఎత్తేసి కూర్చునేదాన్ని. అమ్మ కసురుకునేది, పడుకోవే పిల్లా అని. ఆవిడకీ భయమేనని నాకు తెలుసు, ఎందుకంటే కసిరి మళ్లీ తనూ పడుకునేది కాదు. తాతయ్య ఒక్కరే నవ్వేవారు. "వస్తుందే, పోతుందే. మా తాత కాలం నుంచీ ఇదే వరస. ఊరు ఊరంతా ఉండగా నిన్నొక్కదాన్నే ఎత్తుకుపోతుందేంటి?" అనేవారు. ఆ మాటతో నాకు కాస్త నిద్ర పట్టేది.

ఒకరోజు టీ కొట్టు దగ్గర మా బడి మాస్టారు పేపరు పైకి చదువుతున్నారు. మా తీరం కోసుకుపోవడం గురించి పెద్ద వార్త వచ్చింది. ఒక శాస్త్రవేత్త ఏమన్నాడంటే, గోదావరి ఇదివరకు మోసుకొచ్చే ఇసుక ఇప్పుడు ఎగువన ఆనకట్టల దగ్గరే ఆగిపోతోంది, ఒడ్డుకి తిండి లేక చిక్కిపోతోంది అని. ఇంకో ఆయన అది కాదన్నాడు. కాకినాడ ముందు సముద్రంలో ఇసుక తిన్నె పెరిగి, అలల దారి మళ్లి, ఆ విసురంతా ఉప్పాడ మీద పడుతోందన్నాడు. మొదటాయన చెప్పింది శుద్ధ పొరపాటని కూడా అన్నాడట. మాస్టారు చదవడం ముగించగానే అందరూ ఒకటే నవ్వు. "ముందు వాళ్లని తేల్చుకోమనండి మాస్టారూ! ఆ తరవాత మనం మూటాముల్లె సర్దుకుందాం" అన్నారెవరో. అందరికంటే గట్టిగా నవ్వింది మా తాతయ్యే. ఆ రోజు నా ప్రాణం ఎంత కుదుటపడిందో చెప్పలేను. పెద్దపెద్ద చదువులు చదివినవాళ్లకే తెలియనప్పుడు, బహుశా ఏమీ లేదేమో అనుకున్నాను. ఇంటికి పరుగెత్తి అమ్మతో కూడా అన్నాను, వాళ్లకే తెలీదటమ్మా అని. అమ్మ నవ్వలేదు గానీ, ఊపిరి మాత్రం పెద్దగా వదిలింది.

తరవాత కొన్నాళ్లకి ఆ ఇద్దరు శాస్త్రవేత్తలూ మా ఊరికే వచ్చారు. జీపు దిగీ దిగగానే మొదలెట్టారు. ఒడ్డున నిలబడి, ఆ గాలిలో, ఒకరి మాట ఒకరికి వినబడాలని అరుచుకుంటూ వాదించుకున్నారు. పెద్దాయనకి తెల్లజుట్టు, చిన్నాయనకి కళ్లజోడు. కుళాయి దగ్గర బిందెల కోసం ఆడవాళ్లు పోట్లాడుకున్నట్టే ఉంది వరస. మేం పిల్లలందరం చుట్టూ మూగి చూశాం. వాళ్లు ఇంటింటికీ తిరిగి నూతుల్లో నీళ్లు ఉప్పెక్కాయేమోనని నాలిక మీద వేసుకుని చూశారు, పాత ఒడ్డు ఎక్కడుండేదో ముసలివాళ్లని అడిగారు. అలా మా ఇంటికీ వచ్చారు.

తాతయ్య చాప పరిచారు, మంచినీళ్లిచ్చారు. కళ్లజోడాయన మాత్రం కూర్చోకుండా మగ్గం వైపే చూస్తూ నిలబడ్డాడు. మగ్గం మీద పెళ్లివారి చీర ఉంది, సగం అయింది.

"ఈ గుంట ఎంత లోతండీ?" అని అడిగాడు.

"మా నాన్న తవ్వించిందండీ. తొడ లోతు. అప్పుడెంతో ఇప్పుడూ అంతే" అన్నారు తాతయ్య. ఆయన గొంతు నాకు కొత్తగా వినబడింది. చెప్పాల్సిన దానికన్నా కొంచెం తొందరగా చెప్పారు.

కళ్లజోడాయన గుంట అంచున గొంతుక్కూర్చుని, తన దగ్గరున్న సన్నపాటి ఇనుప చువ్వ అడుగున ఆనించి నొక్కాడు. గట్టినేల అయితే అది ఆగిపోవాలి. ఆగలేదు. మెత్తగా దిగుతూనే ఉంది. మూర దిగింది, ఇంకా దిగింది. మా అమ్మ వంటింటి గడపలో నిలబడి చూస్తోంది. ఆయన అమ్మ దగ్గర గరిట అడిగి తీసుకుని అడుగున కొంచెం తవ్వాడు. ఇసుక వచ్చింది. దాని కింద ఊక, బూడిద. మళ్లీ ఇసుక. మళ్లీ ఊక. దాని కిందనించి నీళ్లు ఊరాయి. ఆయన వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాడు. ఆ వేలు పెద్దాయన వైపు చూపించాడంతే.

మా అమ్మ తల దించుకుని తన మోకాళ్ల వైపు చూసుకుంది. చాలాసేపు అలాగే చూసుకుంది. ఆవిడ మోకాళ్లకేమీ కాలేదు. గుంట అడుగే పైకి లేస్తోంది. అది అర్థమయ్యేసరికి నేను గుంట దగ్గర్నుంచి వెనక్కి జరిగాను. సముద్రం వీధి అవతల ఉందనుకుంటున్నాను కదా, అది మా మగ్గం కిందే ఉంది. మా అమ్మ రోజూ దాని మీదే కాళ్లు పెట్టి కూర్చుంటోంది.

"మావయ్యగారూ?" అంది అమ్మ.

అమావాస్య నాడు మా ఇళ్లలో ఎవరూ మగ్గం ఎక్కరు. పోటు పెద్దగా ఉండేదీ ఆ రోజుల్లోనే, గుంటలో నీరు ఊరేదీ అప్పుడే. ఆ రోజు ఏదో పని పెట్టి అమ్మనీ నన్నూ బయటికి పంపించి, తాతయ్య తట్టలతో ఇసుకా ఊకా బూడిదా తెచ్చి ఆ నీటి మీద పోసి, కాళ్లతో తొక్కి చదును చేసేవారట. తొక్కుడు కర్రల తాళ్లు కూడా అంతకంతకి పైకి లాగి కట్టేవారట. ఇదంతా ఆయన నేల చూపులు చూస్తూ చెప్పారు. అమ్మకి కోపం వచ్చింది. ఆవిడకి అంత కోపం రావడం నేను మళ్లీ ఎప్పుడూ చూడలేదు.

"నూనె రాసుకోమన్నారు కదండీ! ఇన్నాళ్లూ నా చేత నూనె రాయించారు కదండీ!"

"చెప్తే నీకు కంటి మీద కునుకు పడుతుందా తల్లీ? పిల్లదాన్ని పెట్టుకుని నువ్వేం చేస్తావు, నేనేం చేస్తాను? అయినా ఈ బాబులకే ఇంకా తేలలేదు కదా. ఆయన ఆనకట్ట అంటాడు, ఈయన తిన్నె అంటాడు. వాళ్లు తేల్చేదాకా ఉందామనుకున్నానమ్మా."

అప్పుడు తెల్లజుట్టాయన చాప మీంచి లేచారు. పొద్దుటి నుంచీ అరిచిన ఆ గొంతు పూర్తిగా దిగిపోయింది. "అయ్యా, మా తగువంతా సముద్రం ఎందుకొస్తోందన్న దాని గురించండీ. వస్తోందా రావట్లేదా అన్న దగ్గర మాకు తగువే లేదు" అన్నారు. కళ్లజోడాయన తల ఊపాడు. ఆ రోజు మొత్తం మీద ఆ ఇద్దరూ ఒక్కమాట మీద ఉండగా నేను చూసింది అప్పుడే. వాళ్లు పోట్లాడుకుంటుంటే నాకు నవ్వొచ్చింది గానీ, ఒక్కటైపోయేసరికి ఏడుపొచ్చింది.

"ఎప్పుడొస్తుందండీ?" అని అమ్మ అడిగింది.

"అది తెలీదమ్మా. ఈ వానాకాలం కావచ్చు, ఇంకొన్నేళ్లు పట్టొచ్చు. తెలిసినట్టు చెప్తే అబద్ధమవుతుంది. నా చెల్లెలైతే మాత్రం ఈ గదిలో పడుకోనివ్వను" అన్నాడు కళ్లజోడాయన.

వాళ్లు వెళ్లాక తాతయ్య మగ్గం దగ్గర కూర్చుండిపోయారు. సగం నేసిన పడుగు, అంటే మగ్గానికి కట్టిన నిలువు దారాలు, కోస్తే ఇంటికి అరిష్టమని మావాళ్ల నమ్మకం. ప్రాణం పోతున్నా పడుగు మీద కత్తి పెట్టకూడదనేవారు. చీర అయ్యేదాకా ఆగుదామని తాతయ్య అంటారనుకున్నాను. అమ్మ కూడా అదే అనుకుని ఉంటుంది, నా చెయ్యి గట్టిగా పట్టుకుని నిలబడింది. ఆయన చీర మీద అరచెయ్యి వేసి ఒకసారి అటూ ఇటూ నిమిరారు. తరవాత కత్తి అడిగారు. అమ్మ కదల్లేదు. నేనే తెచ్చిచ్చాను. దారాలు తెగుతున్న చప్పుడు చాలా చిన్నది. ఒక్కో కోతకీ మా తాతయ్య తలెత్తి సముద్రం వైపు చూస్తూనే ఉన్నారు. ఆయనకి కూడా భయమేనని, నాకన్నా అమ్మకన్నా ఎక్కువ భయమని, అందుకే అన్నాళ్లూ అంత గట్టిగా నవ్వారని అప్పుడు తెలిసింది.

పిఠాపురం దగ్గర మా మేనమామ ఊరికి వెళ్లిపోయాం. వెళ్లగానే సముద్రం వచ్చేసిందా అంటే రాలేదు. ఆ వానాకాలం రాలేదు, మరుసటి ఏడూ రాలేదు. మా ఊరివాళ్లు ఎక్కడ కనబడినా ఎగతాళి చేసేవారు, జీపువాళ్ల మాట విని పడుగు కోసుకున్న ముసలాయన అని. తాతయ్య ఆయ్, ఆయ్ అని నవ్వి ఊరుకునేవారు. ఇంటికొచ్చాక అన్నం సయించేది కాదు. తప్పు చేశామేమోనన్న భయం కూడా భయమే, అది ఇంకా పాడు భయం. ఆ తరవాత తుఫాను రోజుల్లో ఒక మధ్యాహ్నం, పట్టపగలు, అందరూ చూస్తుండగానే మా ఇల్లున్న వరస అంతా జారిపోయింది. జనం బడిలోకి పరుగెత్తి బతికారు. అన్నిటికన్నా ముందు మా మగ్గం గదే పోయిందట. కబురు విన్న రోజున తాతయ్య చూశారా అని అనలేదు, గెలిచినట్టు మొహం పెట్టలేదు. నన్ను దగ్గర కూర్చోబెట్టుకున్నారంతే.

ఇప్పుడు నేను కాకినాడలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. వాడికి బీచ్ రోడ్డులో ఇల్లు కట్టుకోవాలని సరదా. మొన్న ఫోనులో ఏదో వార్త చదువుతూ, "చూశావా అమ్మా, సముద్ర మట్టం పెరగడం మీద సైంటిస్టులకే ఏకాభిప్రాయం లేదంట. వాళ్లే కొట్టుకుంటుంటే మనకెందుకు కంగారు?" అన్నాడు. అచ్చం ఆ టీ కొట్టు నవ్వే నవ్వాడు.

"దేని మీద లేదంట్రా ఏకాభిప్రాయం?" అన్నాను.

వాడు మళ్లీ చదివాడు. ఈసారి కిందిదాకా చదివాడు. ఎంత తొందరగా పెరుగుతుందన్న దాని మీదట. చదువుతున్నకొద్దీ వాడి నవ్వు పోయింది. ఫోను బోర్లించి నా వైపు చూశాడు, చిన్నప్పుడు ఉరుములకి భయపడి చూసినట్టే. ఏమీ కాదులే నాన్నా అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఏ తల్లికైనా వస్తుంది. మా తాతయ్యకీ అలాగే వచ్చి ఉంటుంది. కానీ నేనా మాట అనలేదు. వాడి పక్కన కూర్చుని, "నాకూ భయంగానే ఉందిరా" అన్నాను.