జాబితాలో తెల్లసబ్బు

యూనివర్సిటీ గేటుకు ఎదురుగా ఉన్న స్టేషనరీ దుకాణంలో పదిహేడేళ్ళుగా పనిచేస్తున్న ఆవిణ్ణి విద్యార్థులు లిస్టక్క అంటారు. మొదటి సంవత్సరంలో చేరేవాళ్ళు ఏమేం కొనుక్కోవాలో ఒక్కో డిపార్ట్‌మెంటు ఒక్కో లిస్టు అచ్చువేసి ఇస్తుంది. ఆ ఇరవై మూడు లిస్టులూ ఆవిడకు నోటికొచ్చు. వచ్చినవాళ్ళు కాగితం మడత విప్పేలోపే, "బోటనీయా? బ్లేడ్లు రెండు, సన్న కుంచె ఒకటి, రికార్డు పుస్తకాలు రెండు" అంటూ నిచ్చెన ఎక్కేస్తుంది. కాలేజీలు తెరవడానికి నెల ముందే ఒక్కో సబ్జెక్టుకూ కట్టలు కట్టి, పురికొసతో ముడివేసి అరల్లో పేర్చి పెట్టుకుంటుంది.

ఆవిడ చదువు పదో తరగతితో ఆగింది. ఎదురు గేటు దాటాక లోపల ఏం చెబుతారో తెలియదు. తెలిసిందల్లా కట్టల్లోంచి తెలిసిందే. జువాలజీ కట్టలో కత్తెరా సూదులూ చూసి ఆ క్లాసులో ఏం కోస్తారో ఊహించుకుంది. సైకాలజీ లిస్టులో స్టాప్‌వాచీ ఎందుకని మూడేళ్ళు బుర్ర బద్దలు కొట్టుకుని, చివరికి ఒక అమ్మాయిని నిలదీసి మరీ తెలుసుకుంది. ఫ్యాన్లు బాగుచేసే ఆవిడ భర్త, "ఊళ్ళో వాళ్ళందరి లిస్టులూ కంఠతా వస్తాయి. నేను రాసిచ్చిన నాలుగు సరుకుల్లో మాత్రం రెండు మరిచిపోతావు" అని దెప్పుతుంటాడు.

"నీ లిస్టులో తెలుసుకోడానికి ఏముందని? ఉప్పు ఎందుకో నాకు తెలుసుగా" అంటుంది ఆవిడ.

ఒక్కటి మాత్రం కొరుకుడు పడలేదు. జియాలజీ లిస్టులో పదకొండో వస్తువు: తెల్లసబ్బు, వాసన లేనిది, ఒకటి. భూతద్దం సరే. రంగు పెన్సిళ్ళూ కోణమానినీ సరే. సబ్బెందుకు? అదీ వాసన లేనిదే ఎందుకు? ఆ ఒక్క లిస్టు కోసం దుకాణంలో, జిగురు డబ్బాల పక్కన, సబ్బుల పెట్టె ఒకటి ఉంచాల్సివచ్చింది. పిల్లల్ని అడిగితే చేరబోయేవాళ్ళు కాబట్టి వాళ్ళకూ తెలియదు. చేరినవాళ్ళు సబ్బు కొనడానికి మళ్ళీ రారు. కొన్నాళ్ళకు పిల్లలే ఎదురు అడగడం మొదలుపెట్టారు. తెలియదని చెబితే పరువు తక్కువని, "కొండలమీదికి తీసుకెళ్తారుగా, చేతులు కడుక్కోడానికి" అని గట్టిగా చెప్పేసింది. అందరూ నమ్మారు. అలా చెప్పి ఎనిమిదేళ్ళయింది. ఆవిడ మాత్రం నమ్మలేదు.

ఈ ఏడు ఆ సబ్బు ఇంటి సంగతయింది. ఆవిడ అక్క కూతురికి రెండు సబ్జెక్టుల్లో సీటొచ్చింది, జియాలజీలో ఒకటి, స్టాటిస్టిక్స్‌లో ఒకటి. శుక్రవారం సాయంత్రం నాలుగింటిలోపు ఏదో ఒకదానికి సంతకం పెట్టాలి. రెండోది ఇంకొకరికి పోతుంది. నాలుగేళ్ళ చదువు. పెట్టాక మార్చుకోవడం కుదరదు.

ఆ పిల్ల చిన్నప్పుడు బడి వదిలాక దుకాణం కౌంటరు వెనక స్టూలు మీదే పెరిగింది. పెన్నుల మూతలు రంగుల వారీగా పేర్చమంటే సాయంత్రమంతా చప్పుడు లేకుండా పేర్చేది. ఏ రంగు ఎక్కువ అమ్ముడవుతోందో కూడా చెప్పేది. కానీ తనకేం కావాలని అడిగితే నోట్లోంచి మాట ఊడిపడదు. ఏ సబ్జెక్టే అంటే, "చూద్దాం పిన్నీ" అంటుంది.

పిన్ని ఓటు జియాలజీకే. ఆ కట్టలో చేతికి తగిలేవి ఉన్నాయి. స్టాటిస్టిక్స్ కట్టలో నాలుగు పొడుగు నోటుపుస్తకాలు, గ్రాఫు కాగితాలు పాతిక, ఒక కాలిక్యులేటరు. పదిహేడేళ్ళలో ఆ కట్ట కట్టేటప్పుడు ఒక్కసారి కూడా ఆవిడకు ఏ ప్రశ్నా పుట్టలేదు.

ఆసుపత్రి రిజిస్ట్రేషన్ కౌంటర్లో పనిచేసే అక్క మాత్రం స్టాటిస్టిక్స్ పక్షం. "మా ఆసుపత్రిలో అది చదివినాయనకు సొంత గది ఉంది. గదికి తలుపు కూడా ఉంది. నీ రాళ్ళ చదువులో ఏముందే?"

"ఏ రాళ్ళో, ఎన్ని రకాలో..."

"ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోడానికి! రేపు అది ఏడిస్తే నీ గుమ్మం ముందుకొచ్చే ఏడుస్తుంది. గుర్తుపెట్టుకో."

ఆ మాట గుచ్చుకుంది. తను ఒక సబ్బుబిళ్ళను చూసి పిల్ల నాలుగేళ్ళను అటు తోస్తోందా? అదైనా ఎందుకో తెలియని సబ్బు. శుక్రవారం పొద్దున ఆవిడ యజమానిని అడిగి పూట సెలవు తీసుకుంది. "పద, ముందు అదేంటో చూసొద్దాం" అంటూ పిల్లను వెంటబెట్టుకుని, పదిహేడేళ్ళలో మొదటిసారి, రోడ్డు దాటి గేటు లోపలికి నడిచింది. అక్క తిన్నగా ఆఫీసుకు వెళ్ళి క్యూలో చోటు పట్టుకుంటానంది.

జియాలజీ ల్యాబు వెనక బ్లాకులో, కింది అంతస్తులో ఉంది. పొడుగు బల్లలు, వాటికింద అంకెలు రాసిన చెక్క సొరుగులు. తడి రాళ్ళ వాసన. కుళాయి దగ్గర ఒక పెద్దాయన రాళ్ళు తోముతున్నాడు. ఆయన ల్యాబు అటెండరు, అందరూ రాళ్ళ బాబాయ్ అంటారని గుమ్మం దగ్గర ఎవరో చెప్పారు. తోముతున్నది తెల్లసబ్బుతో.

"అన్నయ్యా, ఆ సబ్బు..."

"మీకూ కావాలా? బీరువా నిండా ఉన్నాయి. తలా ఒకటి తెస్తారు, ఎక్కడ పెట్టను?"

"మీ లిస్టులో రాస్తారే, పదకొండోది. ఎదురు దుకాణం మాది. పిల్లలు దాన్ని ఏం చేస్తారసలు?"

ఆయన చేతులు తుడుచుకుని ఆవిణ్ణి ఎగాదిగా చూశాడు. "ఏమీ చెయ్యరు. పదహారేళ్ళ కిందట చేసేవాళ్ళు. అప్పటి సారు స్ఫటికాల ఆకారాలు సబ్బులో చెక్కించేవారు. చేత్తో చెక్కితే గాని కోణాలు బుర్రకెక్కవనేవారు. వాసన సబ్బయితే మెత్తన, అంచు నిలవదట. ఆయన రిటైరయ్యాక చెక్క బొమ్మలు కొన్నారు. లిస్టు మాత్రం ఏటా పాతది చూసి కొత్తది టైపు చేస్తారు. తీసెయ్యమని ఎవరూ అనలేదు, ఉంచమని నేనూ అనలేదు. రాళ్ళకు పనికొస్తోంది, వద్దనడమెందుకు?"

లిస్టక్క కుళాయి పక్కనున్న సబ్బుబిళ్ళను తీసి చూసి మళ్ళీ పెట్టేసింది. ఎనిమిదేళ్ళుగా తను చెబుతున్నది దాదాపు నిజమేనన్నమాట. కడగడానికే. అంత చప్పటి జవాబు కోసమా ఇన్నాళ్ళు ఎదురుచూసింది?

"ఆ చెక్కినవి ఒక్కటైనా ఉన్నాయా?" అంది.

మూల బీరువా కిర్రుమంది. లోపల మూడు అరల్లో పసుపు తేలిన సబ్బు ఆకారాలు. అన్నీ ఒకటే ఆకారం, రెండు పిరమిడ్లను అడుగుకు అడుగు ఆనించి అతికించినట్టు. పైనొక మొన, కిందొక మొన, నడుం చుట్టూ నాలుగు. ఒక్కోదాని ముందు ముఖం మీద నంబరు రాసిన చీటీ అంటించి ఉంది. ప్రతి విద్యార్థి దగ్గరా ఒకటి చొప్పున ఆ సారు దాచుకున్నారట.

"నేను ఒకటి చెక్కి చూడనా?"

రాళ్ళ బాబాయ్ నవ్వి, సొరుగులోంచి చాకూ, పెట్టెలోంచి సబ్బూ తీసి ఇచ్చాడు. "ముందు గీతలు గీసుకోవాలి చెల్లెమ్మా. తొందరపడితే మొన విరుగుతుంది."

ఆవిడ స్టూలు లాక్కుని కూచుంది. కొలిచి గీసింది. కోసింది. ఒక ముఖం నున్నగా వచ్చేసరికి పక్కది వంకర పోయింది. దాన్ని సరిచేస్తే మొదటిది పొట్టిదయింది. ఎనిమిది ముఖాలూ ఒకదానికొకటి లొంగి ఉండాలని, ఒక్కదాన్ని ముట్టుకుంటే మూడు కదులుతాయని వేళ్ళకు తెలిసివస్తోంది. పదిహేడేళ్ళు అమ్మిన కోణమానిని ఇప్పుడు మొదటిసారి వాడుతోంది. ఒళ్ళో సబ్బుపొడి పేరుకుంది. పిల్లను కూడా తెచ్చానన్న సంగతి ఆవిడకు గుర్తులేదు. నడుం దగ్గర ఒక మొన టక్కున విరిగి కిందపడ్డాక తలెత్తింది. గడియారంలో రెండుంపావు.

"అయ్యో, నువ్వేం చేస్తున్నావే? రా, నువ్వూ ఒకటి చెక్కు!"

పిల్ల బీరువా ముందు నేలమీద బాసింపట్టు వేసుకుని కూచుని ఉంది. చెక్కినవన్నీ తీసి వరుసలుగా పేర్చింది. ఒళ్ళో జియాలజీ లిస్టు బోర్లించి, దాని వెనక ఐదేసి గీతల గుంపులు గీస్తోంది.

"ఉండు పిన్నీ, ఇంకో వరుస ఉంది."

"ఏంటది?"

పిల్ల ఆ వరుసకు కూడా గీతలు గీసి చెప్పింది. "ఎనభై నాలుగున్నాయి. డెబ్భై ఒకటికి మొన విరిగింది. అందులో యాభై రెండింటికి ఒకే చోటి మొన. చీటీ మనవైపు పెట్టుకుంటే, ఎడమ చేతివైపుది." పిల్ల లేచి వచ్చి పిన్ని చేతిలోని సబ్బు చూసింది. "నీదీ అటే."

"కుడిచేత్తో కోస్తాం, ఎడమచేత్తో పట్టుకుంటాం. బొటనవేలు అక్కడే నొక్కుతుంది" అంది ఆవిడ.

"నేనూ అదే అనుకున్నా. మరి కుడివైపు విరిగిన పదకొండూ? వాళ్ళు ఎడమచేతి వాటమా? బాబాయ్, ఆ నంబర్లవాళ్ళు ఎవరో రాసిన పుస్తకం ఉంటుందా?"

"పేర్లుంటాయేమో గాని, ఎవరిది ఏ చేతి వాటమో ఎవరు రాస్తారమ్మా!"

"అడిగితే? కొందరినైనా?" పిల్ల గొంతులో అలాంటి తొందర లిస్టక్క ఎన్నడూ వినలేదు. "ఎంతమందిని అడిగితే చాలంటారు? అందర్నీ అడగక్కర్లేదు కదా?"

"అది నన్నడిగితే ఎలాగమ్మా!" అన్నాడు రాళ్ళ బాబాయ్. ఎంతమందిని అడిగితే చాలునో చెప్పే చదువేదో ఎదురు దుకాణంలో ఆఖరి అరలో, ఏ ప్రశ్నా పుట్టించని కట్టగా పడి ఉందని లిస్టక్కకు ఆ క్షణాన తట్టింది. చాకు మడిచి బల్లమీద పెట్టింది.

"చెక్కవా?" అంది మళ్ళీ, ఈసారి మెల్లగా.

"నీకు నచ్చింది పిన్నీ, చూస్తూనే ఉన్నా. పిలిచినా పలకలేదు. నాకేమో చెక్కడం మీదికి పోలేదు మనసు." పిల్ల కాస్త భయంగా చూసింది. "కోపమా?"

"కోపమెందుకే పిచ్చిదానా" అంది ఆవిడ. ఇన్నాళ్ళూ పిల్ల కోసం వాదిస్తున్నాననుకుంది గాని, వాదించింది తన ఇష్టం కోసమే.

ఇంతలో పక్క గదిలోంచి వచ్చిన కుర్ర లెక్చరరమ్మ వీళ్ళ మాటలు విన్నట్టుంది. "సబ్బు ఇంకా లిస్టులో ఉందా! వచ్చే ఏడు తీసేయించాలి" అనుకుంటూ వెళ్ళిపోయింది. రాళ్ళ బాబాయ్ లిస్టక్క వైపు దిగులుగా చూశాడు. "పదహారేళ్ళ సబ్బు. ఒక్క పూటలో కరగదీశావు చెల్లెమ్మా."

ఆఫీసు కిటికీ దగ్గర క్యూలో అక్క ఇంకో ఇద్దరి వెనక ఉంది. చెల్లెలి చీరనిండా తెల్లపొడి చూసి నుదురు చిట్లించింది. "తేలిందా? రాళ్ళేనా?"

"కాదమ్మా, స్టాటిస్టిక్స్" అంది కూతురు.

పోట్లాటకు సిద్ధపడి వచ్చిన మనిషికి అవతల ఎవరూ లేకపోయేసరికి అనుమానం వచ్చింది. "ఎందుకు? రాళ్ళవాళ్ళు వద్దన్నారా? లోపల ఏమైనా అన్నారా నిన్ను?"

"ఎవరూ ఏమీ అనలేదక్కా. తనే తేల్చుకుంది."

"అయితే అందులో ఏం నేర్పుతారు?"

"మీ ఆసుపత్రాయన గదిలో ఏం చేస్తాడో నువ్వు చూళ్ళేదా?"

"తలుపు వేసుంటుందే" అంది అక్క.

పిల్ల లిస్టు వెనకవైపు తిప్పి చూపించింది. ఎనభై నాలుగు, డెబ్భై ఒకటి, యాభై రెండు, పదకొండు, అన్నీ చెప్పింది. తల్లి కళ్ళద్దాలు పైకి తోసుకుని ఆ గీతల గుంపుల్ని ఒక్కొక్కటిగా వేలితో లెక్కపెట్టుకుంటూ వచ్చింది. ముందున్న ఇద్దరూ వెళ్ళిపోయారు. కిటికీ వెనక గుమాస్తా, "తర్వాతెవరు?" అన్నాడు.

"మరి ఆ పదకొండుమంది సంగతి తెలిసిందా?" అంది తల్లి, కాగితం వదలకుండానే.

"తెలీలేదు."

"ఏమీ తెలియకుండా నాలుగేళ్ళకు సంతకం ఎలా పెడతావే?"

"తెలిస్తే ఎందుకమ్మా పెట్టడం?" అంది పిల్ల.

గుమాస్తా పెన్ను కిటికీలోంచి బయటికి చాచాడు. పిల్ల దాన్ని అందుకుని, తల్లి చేతిలోంచి కాగితం మెల్లగా లాక్కుని మడిచి దాచుకుని, ఫారం మీద సంతకం పెట్టింది.