నల్ల చెక్క, బేకరీ బల్ల

మా మావయ్య గిటార్లు చేసేవాడు. పరుపుల కొట్టుకీ సైకిల్ షాపుకీ మధ్య ఇరుక్కున్న ఒంటి గది ఆయన కార్ఖానా. అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. ఇరవై ఏళ్లొచ్చేదాకా తలుపులూ కిటికీలూ చేసుకునే వడ్రంగి. ఒకరోజు ఆ గదికి తలుపు బిగించడానికి వెళ్లి, అందులో గిటార్లు చేసే పెద్దాయన చేతుల్ని చూస్తూ సాయంత్రందాకా కూర్చుండిపోయాడట. తలుపు మర్నాడు బిగించాడు. ఇక అక్కడినుంచి కదల్లేదు.

పదేళ్ల తర్వాత పెద్దాయన చేతులు వణకడం మొదలై పని మానుకున్నాడు. వెళ్తూ వెళ్తూ దుప్పట్లో చుట్టిన ఒక కట్ట మావయ్య చేతిలో పెట్టాడు. రెండు పలకలు, రెండు సన్నటి పట్టీలు. నల్ల రోజ్‌వుడ్. ఆ జాతి చెట్టుని ఇప్పుడు ఎక్కడా కొట్టనివ్వరు. సరిగ్గా ఒక్క గిటారు వెనక భాగానికీ పక్కలకీ సరిపోతుంది, అంతే.

"నీ చెయ్యి తిరిగిందని నీకే అనిపించిన రోజు తియ్యి," అన్నాడట.

ఆ చెక్క మీద రంపం పెట్టడానికి ఇరవై రెండేళ్లు పట్టింది. ఏటా వానలు తగ్గాక మావయ్య ఆ కట్ట విప్పి, పురుగు పట్టిందేమో, వంగిందేమో చూసుకునేవాడు. తడిగుడ్డతో ఒక్కసారి తుడిచేవాడు. అప్పటిదాకా మసిబారిన పెంకులా ఉన్న చెక్కలోంచి ఊదారంగు చారలు, ఎర్రటి నీడలు, సన్నటి నల్లగీతలు పైకి తేలేవి. తడి ఆరేలోపు మళ్లీ లోపలికి వెళ్లిపోయేవి. చిన్నప్పుడు నేను నోరు తెరుచుకుని చూసేదాన్ని. పెద్దయ్యాకా అంతే.

"ఆ చెక్కని చూసినట్టు నన్ను ఒక్కరోజైనా చూశారా మీరు?" అనేది అత్తయ్య. గిటార్లకి పాలిష్ పట్టేది ఆవిడే.

"నువ్వు ఎండినా తడిసినా ఒకేలా ఉంటావే," అనేవాడు మావయ్య, తప్పించుకోవడానికి.

చివరికి ఆ చెక్కని పనిలోకి తీయించింది మా మాస్టారు. సంగీతం బడిలో నలభై ఏళ్లు గిటారు నేర్పినాయన. నేనూ ఆయన దగ్గరే ఎనిమిదేళ్లు నేర్చుకున్నాను. అప్పటికి ఆయన వేళ్ల కీళ్లు బిగుసుకుపోతున్నాయి. ఒక మధ్యాహ్నం వచ్చి స్టూలు మీద కూర్చుని, "ఏమయ్యా, నా వేళ్లు ఇంకో రెండేళ్లు పనిచేస్తాయేమో. ఆఖరి గిటారు ఆ నల్ల చెక్కతోనే చేసిపెట్టు. నువ్వు దాన్నలా దాచుకుని పోతే మీ అబ్బాయి దాంతో చెప్పుల స్టాండు చేస్తాడు," అన్నారు.

చెయ్యి తిరిగిందని మావయ్యకి అప్పటికీ అనిపించలేదు. కానీ మాస్టారి మాట కాదనలేడు. ముందు అవే కొలతలతో మామూలు చెక్కతో ఒకటి చేసి చూసుకుంటానన్నాడు.

ఆ వారమే పక్క సందులో బేకరీవాళ్లు స్టీలు బల్లలు తెచ్చుకుని, పిండి పిసికే పాత చెక్కబల్లని బయట పారేశారు. మావయ్య దాన్ని మోసుకొచ్చి చిత్రిక పట్టాడు. పైపొర లేవగానే లోపల లేత గోధుమరంగు, సన్నటి నార. ఏం చెక్కో ఆయనకే అంతుపట్టలేదు.

గిటారుకి తీగల కింద ఉండే పైపలకే ప్రాణం. రెండు గిటార్లకీ ఒకే దేవదారు దుంగలోంచి పక్కపక్కన కోసిన పలకలు తీసుకున్నాడు. లోపల అతికించే బద్దలు అచ్చు గుద్దినట్టు ఒకేలా చెక్కాడు. బేకరీ బల్లతో చేసినంతసేపూ ఈల వేస్తూనే ఉన్నాడు. నల్ల చెక్క మీద రంపం పెట్టిన రోజు మాత్రం ఉలుకూ పలుకూ లేదు. కోస్తుంటే గదంతా గులాబీలూ మిరియాలూ కలిపి నూరినట్టు వాసన. పట్టీని వేడి గొట్టం మీద వంచేటప్పుడు అది ఒకసారి చిటుక్కుమంది. ఏమీ విరగలేదు. అయినా మావయ్య ఆ రోజు ఇంక పనిముట్టు ముట్టుకోలేదు.

నాలుగు నెలల తర్వాత ఒక ఆదివారం పొద్దున రెండు గిటార్లూ బల్ల మీద పక్కపక్కన పడుకున్నాయి. ఒకటి నిప్పు ఆరిన బొగ్గులా, లోపల ఎరుపు దాచుకుని. రెండోది రొట్టె రంగులో. బరువు కూడా ఇంచుమించు ఒకటే.

మాస్టారు వచ్చారు. నేను వాయించాను. మావయ్య నల్లదాన్ని వింటూ, "చూశారా, గంటలా మోగుతోంది," అన్నాడు. మాస్టారు తలూపారు.

అత్తయ్య ఊరుకోలేదు. "ఇద్దరూ గోడవైపు తిరిగి కూర్చుని, మోగేది ఏదో చెప్పండి చూద్దాం."

సరేనని ఇద్దరూ పంతానికి పోయారు. అత్తయ్య తనిష్టమొచ్చిన వరసలో గిటారు మార్చి మార్చి ఇచ్చింది. అదే చిన్న పాట పన్నెండుసార్లు వాయించాను. మావయ్య పదకొండుసార్లు సరిగ్గా చెప్పాడు, మాస్టారు పది. మావయ్య మీసం మెలేశాడు. "ఇరవై రెండేళ్లు ఊరికే దాచానా?"

అత్తయ్య మాత్రం నావైపే చూస్తోంది. "అమ్మాయ్, నల్లది చేతికిస్తే నడుం నిటారుగా పెడుతున్నావు. మొదటి తీగ మీటేముందు ఆగుతున్నావు. రెండోది ఇస్తే గబగబా లాగించేస్తున్నావు," అంది.

నాకు తెలియదు. నిజంగా తెలియదు.

తువ్వాలు తెచ్చి నా కళ్లకి గట్టిగా కట్టింది. మళ్లీ పన్నెండుసార్లు. ఈసారి నా ఒళ్లోకి ఏది వస్తోందో నాకూ తెలియలేదు. రెంటి మెడా ఒకటే, అత్తయ్య పట్టిన పాలిష్ వాసనా ఒకటే. అయిపోయాక అత్తయ్య తను రాసుకున్న కాగితం చూసి చదివింది. మాస్టారు ఏడు. మావయ్య ఐదు.

"మళ్లీ చూడు," అన్నాడు మావయ్య.

"చూశాను. ఐదే."

పక్క షాపులో ఎవరో సైకిల్ చక్రం తిప్పుతున్నారు, ఆ చప్పుడొక్కటే వినిపిస్తోంది. నా కళ్లకి గంతలు ఇంకా అలాగే ఉన్నాయి. మావయ్య లేచి వచ్చిన అలికిడి. పసిపిల్లని అందించినట్టు ఒక గిటారు నా ఒళ్లో పెట్టి, చెవి దగ్గర మెల్లగా, "ఇది పెద్దాయన ఇచ్చిన చెక్కమ్మా," అన్నాడు.

అప్పుడు నేను గమనించుకున్నాను. నా వీపు దానంతటదే నిలబడింది. ఊపిరి నెమ్మదించింది. తీగని మీటలేదు, అడిగాను అనాలి. ఆ మొదటి స్వరం గదిలోకి వెళ్లి, గోడలకి తగిలి, ఎక్కడికీ పోకుండా అలాగే నిలబడింది. ఎనిమిదేళ్లు నేర్చుకున్న పాట, నా చేతులతో నేనే వాయిస్తున్నా, ఎవరో వాయిస్తుంటే వింటున్నట్టుంది. అయ్యేసరికి మాస్టారు గొంతు సవరించుకోవడం వినిపించింది.

మావయ్య నా కళ్ల గంతలు విప్పాడు.

ఒళ్లో ఉన్నది బేకరీ బల్ల.

అత్తయ్య అప్పటికే నోటిమీద చెయ్యి వేసుకుని ఉంది. మావయ్య నేలమీద చతికిలబడి ఆ రొట్టెరంగు పలక మీద అరచెయ్యి ఆనించాడు. ఇంకా సన్నగా అదురుతోంది. ఆయనకి సిగ్గేస్తుందనీ, తల కొట్టేసినట్టవుతుందనీ అనుకున్నాను. కానీ ఆయన మొహంలో ఉన్నది అది కాదు. మొదటిసారి సముద్రం చూసినవాళ్లు అలా ఉంటారు.

"ఇన్నాళ్లూ ఆ నాదం చెక్కలో ఉందనుకున్నాను," అన్నాడు కాసేపటికి. "ఎంతమందికి చెప్పానో. నమ్మే చెప్పాను."

"మరి ఎక్కడుంది?" అంది అత్తయ్య.

"తెలీదే. పైపలకలో కొంత. అమ్మాయి వేళ్లలో కొంత. మిగతాది..." ఆగిపోయాడు. "నా చేతులు ఏం చేస్తున్నాయో నాకే తెలీకుండా ఇంతకాలం చేశాయన్నమాట."

ఇక మాస్టారు బేకరీ బల్ల గిటారే తీసుకుంటారనుకున్నాం. ఆయన లేచి నల్ల గిటారు చేతుల్లోకి తీసుకున్నారు.

"నాకిదే కావాలి."

"మాస్టారూ, ఇప్పుడే కదండీ విన్నారు..."

"విన్నానయ్యా, నా చెవులకేం రోగం? తేడా లేదు. కానీ దీన్ని చూస్తే ఈ పిల్లకే నడుం నిటారైందంటే, నా ముసలి వేళ్లకి అంతకన్నా సాయం కావాలి. నువ్వు దీన్ని ఇరవై రెండేళ్లు తుడిచావన్నది కూడా నాకు వినిపిస్తుంది. అబద్ధమే అనుకో, నాకు పనికొచ్చే అబద్ధం."

మావయ్యకి నవ్వొచ్చింది, కళ్లనీళ్లూ వచ్చాయి. అభ్యంతరం చెప్పలేదు.

మాస్టారు అనుకున్నట్టు రెండేళ్లు కాదు, నాలుగేళ్లు వాయించారు. బడి హాల్లో ఆయన ఆఖరుసారి వాయించినప్పుడు వేళ్లు రెండుచోట్ల తడబడ్డాయి. తడబడిన చోటునుంచే మళ్లీ ఎత్తుకున్నారు.

మావయ్య ఆ తర్వాత ఇంకో ముప్ఫై గిటార్లు చేశాడు. బడివాళ్లు పారేసిన బెంచీలతో తొమ్మిది, కూలగొట్టిన ఇళ్ల వాకిలి తలుపులతో కొన్ని. అరుదైన చెక్క కావాలని ఎవరైనా వస్తే కాదనేవాడు కాదు. "అందం కావాలంటే తప్పకుండా కొనుక్కోండి, అందం తక్కువదేం కాదు. నాదం మాత్రం దాన్లో వెతక్కండి," అనేవాడు. కొందరు నవ్వేవాళ్లు, కొందరు పెద్ద షాపులకి వెళ్లిపోయేవాళ్లు.

ఆయన తీరులో మారింది ఒక్కటే. ఒకప్పుడు గిటారుకి తీగలు బిగించగానే తనే ముందు వాయించి, బాగుందనో లేదనో తేల్చేసేవాడు. ఆ ఆదివారం తర్వాత ఇంక తేల్చడం మానేశాడు. కొత్తది పూర్తవగానే నాకు కబురు పెట్టేవాడు. నేను వెళ్లేసరికి గుమ్మం దగ్గర, కానుపు గది బయట తచ్చాడే తండ్రిలా తిరుగుతూ ఉండేవాడు.

"వచ్చావా? రా, రా," అనేవాడు. "ఏం పుట్టిందో ఏమో, నాకైతే ఇంకా తెలీదు."