అమ్మ సాక్ష్యానికి లేచిన ఆదివారం

మా చిన్నప్పుడు క్రిస్మస్ ఆరాధన అవగానే చర్చి ముందు తారాజువ్వలు వదిలేవాళ్ళు... గురజాల దగ్గర పల్లె మాది. ఆ ఏడాది మా చిన్నమామ, అంటే అమ్మ సొంత తమ్ముడు, వదిలిన జువ్వ వంకర తిరిగి ఊళ్ళో ఆసామి గడ్డివామి మీద పడింది. ఏడాదంతా గొడ్లు తినాల్సిన గడ్డి... చూస్తుండగానే బూడిదైంది.

జువ్వ ఎటు పోయిందో చర్చి దగ్గరున్న మావాళ్ళంతా చూశారు. పోలీసులు అడిగితే మాత్రం, అన్నీ వాగు వైపే వదిలామని సంఘ పెద్దలు చెప్పారు.

ఆసామికి మా పక్కింటి నాగయ్య బాబాయ్ మీద అనుమానం. ముందురోజే గట్టు తగాదాలో "నిన్ను బూడిద చేస్తా" అని నోరు జారాడాయన. ఇంకేం కావాలి... స్టేషన్‌కి తీసుకుపోయారు. చంటిబిడ్డతో లక్ష్మి పిన్ని ఆ స్టేషన్ ముందే కూర్చుంది.

"నువ్వే పోయి ఒప్పుకోరా" అంది అమ్మ చిన్నమామతో. అతను తల వంచుకుని వెళ్ళిపోయాడు.

పెద్దలు ఇంటికొచ్చారు. "చూడు మరియమ్మా, నువ్వు నోరు తెరిస్తే పోయేది నీ తమ్ముడొక్కడే కాదు. రేపు ఆసాములు మనోళ్ళనెవరినీ మిరప కోతలకు పిలవరు."

"ఏమే, తోడబుట్టినోణ్ణి పట్టిస్తావంటే?" అని అమ్మమ్మ ఏడ్చింది. 

ఆదివారం వచ్చింది. పాటలయ్యాక మా చర్చిలో సాక్ష్యాలు చెప్పేవాళ్ళు. ఆ వారం దేవుడు చేసిన మేలు లేచి చెప్పుకోవాలి... జ్వరం తగ్గిందనో, గేదె ఈనిందనో. అమ్మ కొంగు తల మీద కప్పుకుని లేచింది.

"వామి మీద పడింది మా తమ్ముడు వదిలిన జువ్వ. నాగయ్య ఏ పాపం ఎరగడు. ఆయన స్టేషన్లో ఉంటే మనం ఈడ పాటలు పాడతన్నాం. నావల్ల కావట్లా."

"కూర్చోమ్మా" అన్నారెవరో. అమ్మ కూర్చోలేదు. నా చెయ్యి పట్టుకుని, నేరుగా ఆసామి వాకిట్లోకి నడిచి అదే మాట చెప్పింది.

సాయంత్రానికి నాగయ్య బాబాయ్ ఇల్లు చేరాడు. చిన్నమామ ఏడాదంతా ఆసామి గొడ్లకు గడ్డి కోసుకొచ్చి వేసేలా రాజీ కుదిరింది. అమ్మమ్మ మళ్ళీ మా ఇంట్లో మంచినీళ్ళు ముట్టలేదు. ఆసామి మావాళ్ళను కోతలకు పిలిచాడు గానీ, మావాళ్ళే అమ్మను కూలి ముఠాలో చేర్చుకోలేదు. చర్చి చాప మీద ఆమె పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. అయినా ప్రతి ఆదివారం వెళ్ళి అక్కడే కూర్చునేది.

"ఎందుకు చెప్పావమ్మా?" అని అడిగానొకసారి.

"మరి లక్ష్మి మొహం ఎట్టా చూడమంటావే?" అంది, బియ్యంలో రాళ్ళు ఏరుతూ.

ఇప్పుడు మా చర్చికి స్లాబు పడింది, మైకులొచ్చాయి, ఆరాధన ఫోన్లలో లైవ్ వస్తోంది. సాక్ష్యాలూ వినిపిస్తాయి... ఉద్యోగం వచ్చిందని, ఇల్లు కట్టామని. వింటే సంతోషమే. కానీ చెబితే తనకే నష్టమని తెలిసి కూడా లేచిన మనిషిని మళ్ళీ చూడలేదు. అమ్మ పోయాక ఆ లోటు మరీ తెలుస్తోంది.

మీ ఇళ్ళల్లోనూ అలా నిలబడ్డవాళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళ సంగతి ఇక్కడ రాయండి... మా అమ్మ పక్కన చానా చోటుంది.