తేరుకోని సీసా

నా చేతుల మీదుగా జరిగిన అనర్థాల్లో చాలావాటికి సాక్షులు లేరు కాబట్టి వాటిని వదిలేద్దాం. ఇప్పుడు చెప్పబోయేదానికి మాత్రం మా చర్చిలో బాప్తిస్మం పొందిన ప్రతి ఒక్కరూ సాక్షే. వరుసగా వచ్చి, తల వంచి, తలా ఒక గుక్క పుచ్చుకున్నారు. ఏం తాగారో వాళ్ళకి ఇది చదివేదాకా తెలియదు. మీరు నవ్వుకుంటే నాకేం అభ్యంతరం లేదు. నేనూ ఈ కథ చెప్పినప్పుడల్లా నవ్వుతూనే మొదలుపెడతాను.

మా నాన్నగారు రిటైరైన హెడ్మాస్టరు. రాజోలు దగ్గర మా ఊరి చర్చిలో నలభై ఏళ్ళు సంఘపెద్ద. ప్రతి నెలా మొదటి ఆదివారం బల్ల ఆరాధన. రొట్టె విరుస్తారు, చిట్టిచిట్టి గ్లాసుల్లో ద్రాక్షారసం ఇస్తారు. మా ఊళ్ళో ద్రాక్షారసమంటే శాంతమ్మ పిన్ని పంచదార వేసి మరిగించిన ద్రాక్షపళ్ళ నీళ్ళు. నాన్నగారికి సారా అన్నా బ్రాందీ అన్నా ఒకటే మంట. దగ్గు మందు సీసా కూడా వాసన చూసి గాని నోట్లో పోసుకునేవారు కాదు.

ఏడేళ్ళ క్రితం ఆయనకి ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. అమలాపురం డాక్టరు గారు నన్ను వరండాలోకి తీసుకెళ్ళి, "మాస్టారు తేరుకోవడం కష్టమండి. నెలో, రెండు నెలలో. ఏదడిగితే అది పెట్టండి" అన్నారు. ఏం కావాలని అడిగితే నాన్నగారు రెండు రోజులు ఏమీ చెప్పలేదు. మూడో రోజు అమ్మ దొడ్లోకి వెళ్ళేదాకా ఆగి పిలిచారు.

"ఒరేయ్, ప్రభువు నీళ్ళని ద్రాక్షారసం చేసిన పెళ్ళి గురించి ఎన్నిసార్లు వాక్యం చెప్పి ఉంటాను?"

"లెక్కలేదు నాన్నా."

"ఆ చివర పోసింది చాలా బాగుందన్నారట పెళ్ళివారు. బాగుండడమంటే ఎలాగుంటుందో తెలీకుండానే నలభై ఏళ్ళు చెప్పేను. అబద్ధ సాక్ష్యం కదురా అది." కాసేపు ఊపిరి తీసుకున్నారు. "పాతబడినది మంచిదంటారు. ఒక్క గుక్క చాలు. మీ అమ్మకి చెప్పకు."

నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఆల్కహాలు గురించి నాకు తెలియనిది లేదు, రుచి తప్ప. అలాంటివాణ్ణి యానాం బయలుదేరాను. మా వైపు నుంచి యానాం వెళ్ళేది చవక మందు కోసమేనని అందరికీ తెలుసు కనక, ఎవరూ గుర్తుపట్టకుండా హెల్మెట్ పెట్టుకుని షాపులోకి వెళ్ళాను. వెళ్ళింది బస్సులో.

"ఏం కావాలండి?" అన్నాడు షాపాయన.

"ఎర్ర వైను. పాతది. బాగా పాతది."

ఆయన నన్నూ హెల్మెట్‌నీ మార్చిమార్చి చూసి లోపలికి వెళ్ళాడు. పేపరు చుట్టిన సీసా ఒకటి పసిపిల్లని ఎత్తుకొచ్చినట్టు తెచ్చాడు. "ఫ్రాన్సు సరుకండి. పెద్ద పేరున్న తోటంట, ఆ పేరు నాకు నోరు తిరగదు. ఒకాయన తెప్పించమని, మళ్ళీ కనబడలేదండి."

లేబులు మీద నేను టెన్త్ పాసైన సంవత్సరం ఉంది. "ఇంత పాత సరుకు కదా, ఏమైనా తగ్గిస్తారా?" అన్నాను.

షాపాయన సీసాని నా చేతికందకుండా వెనక్కి జరిపాడు. "పాతబడినందుకే ఆ రేటు మాస్టారూ" అన్నాడు.

"నేను మాస్టారినని ఎవరు చెప్పారు?"

"హెల్మెట్ మీద కాలేజీ పేరుందండి."

డబ్బు కట్టాక ఆయన చెప్పిన జాగ్రత్తలన్నీ డైరీలో రాసుకున్నాను. అక్కడే నా కొంప మునిగింది. "బస్సు కుదుపులకి అడుగున మడ్డి లేచిపోద్దండి. పదిహేను రోజులు చల్లటి చోట, చీకట్లో నిలబెట్టండి. తేరుకుంటుంది. ఈలోపు తీసేరంటే మడ్డి నోట్లో పడి అంతా చేదండి."

వంతెన దిగగానే, యానాం సీసాలు పట్టుకునే చెక్‌పోస్టు దగ్గర కానిస్టేబుల్ బస్సెక్కాడు. నేరుగా నా దగ్గరికే వచ్చాడు. బస్సులో హెల్మెట్ పెట్టుకున్నవాడు ఇంకెవరూ లేరు మరి.

"ఒళ్ళో ఏంటండది?"

"ద్రాక్షారసం" అన్నాను. నిఘంటువు ప్రకారం అది అబద్ధం కాదు.

"అంటే?"

"బల్లకండి. మా చర్చిలో. మొదటి ఆదివారానికి." ఇది మాత్రం అబద్ధమే.

ఆయన టోపీ తీసేశాడు. "ఏ ఊరి సంఘమండి?" అని అడిగి, పక్కనున్న ఆవిణ్ణి జరగమని నన్ను కిటికీ వైపు సర్ది కూర్చోబెట్టాడు. "మా అమ్మగారికి మోకాళ్ళ నొప్పులండి. ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి."

"తప్పకుండా" అన్నాను. ఆవిడ మోకాళ్ళు నాకు ఇప్పటికీ గుర్తొస్తుంటాయి.

ఇంట్లో పెడితే అమ్మ చూస్తుంది, చూస్తే కాలవలో పోస్తుంది. పైగా మాది రేకుల ఇల్లు, పగలంతా కాలిపోతూ ఉంటుంది. మా ఊళ్ళో చల్లటి చోటంటే చర్చి వెనక గది. గానుగ సున్నం గోడలు, ఒక్కటే కిటికీ, అదీ తెరుచుకోదు. సంఘ కార్యదర్శిని కాబట్టి తాళంచెవి ఒకటి నా దగ్గరా ఉండేది. అక్కడి బీరువాలో పిన్ని సీసాల వెనక నా సీసా నిలబెట్టాను. ద్రాక్షారసం ఉండవలసిన చోటే ద్రాక్షారసం పెట్టాను, ఎవడికి అనుమానం వస్తుందని నా తెలివికి నేనే మురిసిపోయాను.

నాన్నగారికి విషయం చెవిలో చెప్పాను. ఆ రోజు ఆయన రెండు ముద్దలు ఎక్కువ తిన్నారు. స్టీలు గ్లాసులో తాగితే మర్యాదగా ఉండదని, ఎప్పుడో స్కూల్లో బహుమతిగా ఇచ్చిన గాజు గ్లాసు అలమరలోంచి నాచేత తీయించి, తుడిచి, తలగడ కింద పెట్టుకున్నారు. రోజూ పొద్దున్నే అదే ప్రశ్న.

"తేరుకుందా?"

"ఇంకా తొమ్మిది రోజులు నాన్నా."

"మడ్డైనా పర్లేదురా నాకు."

"అలాగంటే ఎలాగ? దేనికైనా ఒక పద్ధతుంటుంది."

మంచం మీంచి గుమ్మం దాకా నడవడానికి మధ్యలో ఒకసారి కూర్చోవలసిన మనిషికి నేను పద్ధతి గురించి చెప్పాను. అవక్షేపం అడుగుకి ఎందుకు దిగుతుందో కూడా వివరించాను. ఆయన బుద్ధిగా విన్నారు. ఆ మాటలు తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

పదమూడో రోజు మొదటి ఆదివారమైంది. నాకు పదిహేనో రోజు మీదే ధ్యాస తప్ప, ఈ ఆదివారం సంగతి బుర్రలో లేదు. ఆరాధనలో గ్లాసుల పళ్ళెం నా దగ్గరికి వచ్చింది. రంగు కాస్త ముదురుగా ఉందనుకుంటూనే మింగాను. తీపి. ఆ తీపి వెనకాల ఎక్కడో పాత చెక్కపెట్టె వాసన, వాన పడ్డ మట్టి వాసన. పిన్ని ద్రాక్షపళ్ళ నీళ్ళలో ఎప్పుడూ లేని వాసనలు. ఆఖరి పాట అవగానే నేరుగా వెనక్కి వెళ్ళాను.

వెనక గదిలో సీసా బోర్లించి ఉంది. శాంతమ్మ పిన్ని గ్లాసులు కడుగుతోంది.

"ఈ సీసా ఎక్కడిది పిన్నీ?"

"ఎవరో మొక్కు తీర్చుకున్నట్టున్నారు అబ్బాయ్. పేరు చెప్పకుండా పెట్టి వెళ్ళేరు. ఆ బిరడా ఎంతకీ రాదే, స్క్రూడ్రైవరెట్టి లోపలికి తోసేసేను."

"తోసేసి?"

"రుచి చూస్తే వగరూ చేదూ. పాడైపోయింది పాపం. పారబోస్తే ఇచ్చినోళ్ళ మనసు కష్టపెట్టుకోరా? అరకేజీ పంచదారేసి, చెంబుడు నీళ్ళు పోసి గంటసేపు మరిగించేను. అడుగున మడ్డి పేరుకుని ఉంది, అదీ గుడ్డేసి వడకట్టేను. ఏం, బాగోలేదా?"

"బాగుంది పిన్నీ" అన్నాను.

డెబ్బై ఎనిమిది డిగ్రీల దగ్గర ఆల్కహాలు ఆవిరైపోతుందని ఏటా బోర్డు మీద రాసేవాణ్ణి నేనే. మడ్డి పేరుకుందంటే తేరుకుందన్నమాట. ఎప్పుడు తేరుకుందో, ఎన్ని రోజుల ముందే తీయొచ్చో తెలిసే దారి లేదు.

చర్చికి రాలేని జబ్బు మనుషులకి పాస్టరు గారు ఇంటికే వెళ్ళి బల్ల ఇస్తారు. నేను పరుగున ఇంటికి చేరేసరికి ఆయన మంచం పక్కన నిలబడి ఉన్నారు. అమ్మ నాన్నగారి వీపుకి చెయ్యి ఆనించి లేపి కూర్చోబెట్టింది. నాన్నగారు చిట్టి గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు మూసుకుని తాగారు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. కోరుకున్న గుక్క అదే, తాగిందీ ఆయనే.

పాస్టరు గారు ప్రార్థన చేసి వెళ్ళారు. అమ్మ ఆయన్ని సాగనంపడానికి వాకిట్లోకి వెళ్ళింది. నాన్నగారు నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశారు.

"శాంతమ్మ ఈసారి పంచదార మరీ ఎక్కువేసింది. నోరంతా వెగటు. నీ సీసా తీస్తే గాని పోదు." నవ్వబోతే దగ్గు వచ్చింది. తగ్గాక అడిగారు. "తేరుకుందా?"

అప్పుడు చెప్పేయొచ్చు. చెబితే నవ్వేవారు. దగ్గుతూనైనా నవ్వేవారు. నాకు సిగ్గేసింది. వేరే సీసా తెచ్చి పరువు నిలబెట్టుకుందామనుకున్నాను.

"ఇంకా రెండు రోజులు నాన్నా" అన్నాను.

"ఆయ్. త్వరగా తేరుకోమను" అన్నారు.

సోమవారం యానాం ఫోన్ చేస్తే, తెప్పించడానికి నెల పడుతుందన్నాడు షాపాయన. తెప్పించమన్నాను. మంగళవారం పొద్దున నేను క్లాసులో ఉండగా నాన్నగారు పోయారు. జ్ఞాపకార్థ కూడికలో పాస్టరు గారు, మాస్టారు చివరిగా రుచి చూసింది ప్రభువు బల్ల మీది ద్రాక్షారసమేనని చెప్పారు. జనం ఆమెన్ అన్నారు. కానిస్టేబుల్‌కి చెప్పిన నా అబద్ధం అక్షరాలా నిజమైంది.

పక్క దులుపుతుంటే తలగడ కింద గాజు గ్లాసు దొరికింది. "ఇదిక్కడికెలా వచ్చింది?" అంది అమ్మ.

"మందుకి" అన్నాను. అది కూడా అబద్ధం కాదు.

అందుచేత, ఈ పత్రికాముఖంగా సంఘం ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ సీసానీ, ఏ మాటనీ తేరుకోవడానికని పక్కన పెట్టను. టీ కూడా వడకట్టేలోపే తాగేస్తున్నాను, నోట్లో పొడి పడుతోందని మా ఆవిడ తిడుతోంది. కుదుపుకి లోనైన సీసా తేరుకోవడానికి పదిహేను రోజులు చాలునన్నాడు షాపాయన. మనిషికి ఎన్నాళ్ళు పడుతుందో ఆ రోజు నేను అడగలేదు.