మిల్లు పేరున వచ్చిన పెట్టె

ఈ ఉదయం కొరియర్ మనిషి గేటు బయటే నిలబడి, పార్సెల్ చేతికివ్వకుండా నసిగాడు. నా వినికిడి యంత్రానికి కావలసిన చిన్న భాగం ఒకటి విదేశం నుంచి తెప్పించుకున్నాను. దాని మీద కస్టమ్స్ సుంకం కాక, ఆ సుంకం కట్టించి పెట్టినందుకు ‘హ్యాండ్లింగ్’ అని ఇంకో రుసుము వేశారట. ఆ మాట చెబుతూ అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. ప్రతి గుమ్మంలోనూ ఈ రుసుము దగ్గరే అతనికి అక్షింతలు పడతాయి కాబోలు. నేను లోపలికి వెళ్ళి డబ్బు తెచ్చి ఇచ్చాను. "ఏంటికి, ఏమని ఒక మాట అడగలేదే మీరు! అందరూ నన్నే తిడతారమ్మా," అన్నాడు. అతనిది మా పక్కనున్న చోళపురం, తమిళనాడే అయినా మాలాగే వాళ్ళింట్లోనూ తెలుగే. "నువ్వేం చేస్తావప్పా, పావం," అని పంపేశాను. తలుపు వేసుకుని ముందుగా పెట్టె మీద ఎవరి పేరుందో చూశాను. నా పేరే ఉంది. మా చిన్నమ్మ పోయినప్పటి నుంచీ నాకిది అలవాటు.

చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. ఆమె భర్త అయిన మా చిన్నాయనకు మా ఊరు రాజపాళయంలో సర్జికల్ గుడ్డ నేసే మిల్లు ఉంది. గాయాలకు కట్టే పల్చటి తెల్ల గుడ్డ అన్నమాట. బేళ్ళు లారీలెక్కి తూత్తుకుడి రేవుకు పోయి, అక్కడ ఓడలెక్కి, మేము పేర్లు కూడా పలకలేని దేశాల ఆసుపత్రులకు చేరేవి. మా ఊళ్ళో కొత్త మనిషిని ‘ఎవరి పిల్లవు’ అని అడగరు, ‘ఏ మిల్లు’ అని అడుగుతారు. చిన్నాయనకు ఆ జవాబు ఇంటిపేరు కన్నా ఎక్కువ. ఇంట్లోకి ఏది వచ్చినా మిల్లు పేరు మీదే రావాలి. గ్యాస్ బండ, ఫ్రిజ్, చివరికి చిన్నమ్మ కుట్టుమిషను కూడా అలాగే వచ్చాయి. ఒకసారి దగ్గరి బంధువులు పంపిన శుభలేఖ మీద మిల్లు పేరు రాయలేదని ఆయన ఆ పెళ్ళికే వెళ్ళలేదు. చిన్నమ్మ ఒక్కతే వెళ్ళి రెండు గ్లాసుల పాయసం తాగి వచ్చి, "ఒకటి నాది, ఒకటి మిల్లుది," అంది. ఆమె అంతే. ఆయన గౌరవాన్ని ఎదిరించదు, దాని పక్కన కూర్చుని నవ్వుతుంది.

ఆమెకు ఒంటి నిండా నీటిపొక్కులు లేచే జబ్బు వచ్చింది. పొక్కు చిట్లితే చర్మం ఊడిపోయి పచ్చిపుండు మిగిలేది. మదురై డాక్టరు చెప్పిన పేరు మాలో ఎవరికీ నోరు తిరగలేదు. వయసూ, షుగరూ తోడై మందులు పట్టలేదు. పుళ్ళకు రోజూ కట్టు మార్చాలన్నారు. కట్టుగుడ్డకు ఆ ఇంట్లో కొదవా? చిన్నాయన మగ్గాల దగ్గర తానే నిలబడి అన్నిటికన్నా మెత్తని రకం ఏరి తెచ్చారు. కానీ ఎంత మెత్తని గుడ్డయినా పచ్చిపుండుకు అంటుకుంటుంది. పొద్దున్నే దాన్ని ఉప్పునీళ్ళతో తడిపి తడిపి విప్పే పని నాది. విప్పితే వచ్చేది గుడ్డ ఒక్కటే కాదు. చిన్నమ్మ అరిచేది కాదు. మంచం పట్టెను రెండు చేతులా పట్టుకుని కళ్ళు మూసుకునేది. ఒకరోజు అంతా అయ్యాక, "మన గుడ్డ రొంబ గట్టిదమ్మా, పట్టినాదంటే వదలదు. మీ చిన్నాయనకి చెప్పొద్దు, సంతోషపడిపోతారు," అంది. నేను నవ్వలేకపోయాను. చిన్నాయన ఆ వేళకు ఎప్పుడూ మిల్లులో ఉండేవారు. ఆ పని ఆయన చూడలేరు. అందుకు నేనాయన్ని ఏమీ అనను.

పుండుకు అంటుకోని కట్టు ఒకటి ఉందని డాక్టరు చెప్పాడు. సన్నటి చిల్లులున్న మెత్తటి పొరలా ఉంటుందట. ఆమెకు కావలసినంత పెద్దది అప్పుడు మదురైలోనూ దొరకలేదు, మద్రాసులోనూ దొరకలేదు. జర్మనీ నుంచి తెప్పించాలి. చిన్నాయన మిల్లు ఆఫీసులో కూర్చుని ఆర్డరు పెట్టించారు. పేరు అడిగినచోట మిల్లు పేరు, నంబరు అడిగినచోట మిల్లు ఎగుమతి దిగుమతుల నంబరు. "మిల్లు పేరుంటే కస్టమ్స్‌లో ఒకడూ చెయ్యి పెట్టడు. ముప్పై ఏండ్లుగా మన సరుకు పోతా ఉంది," అని మాకు ధైర్యం చెప్పారు. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. తూత్తుకుడిలో మిల్లు పనులు చూసే కస్టమ్స్ ఏజెంటు ఆయన మనిషే మరి.

పెట్టె వారం తిరక్కుండానే మద్రాసు విమానాశ్రయానికి వచ్చింది. వచ్చి అక్కడే ఆగిపోయింది. ముందు హ్యాండ్లింగ్ రుసుము కట్టమని సందేశం వస్తే వెంటనే కట్టేశారు. ఆ తర్వాత, ఇది మిల్లు దిగుమతి చేసుకుంటున్న వైద్య సామగ్రి కాబట్టి అమ్మకానికి వచ్చినట్టే, లైసెన్సు చూపండి అన్నారు. చిన్నాయనకు కోపం వచ్చింది. "ఓడలు ఓడలుగా బేళ్ళు దాటించినోడిని, ఒక అట్టపెట్టెకి నన్ను నిలబెట్టినారు!" అని, మిల్లు ఎంత పెద్దదో, ఎంత పాతదో రుజువు చేసే కాగితాలన్నీ పంపించారు. అవి ఎన్ని పంపితే ఆ పెట్టె అంతగా వ్యాపార సరుకైపోయింది. గోదాములో ఉంచినందుకు రుసుము రోజురోజుకూ పెరుగుతోంది.

చివరికి తూత్తుకుడి ఏజెంటుకు ఫోను చేశారు. స్పీకర్ పెట్టారు కాబట్టి నేనూ విన్నాను. ఏజెంటు తమిళుడు. అంతా విని, తమిళంలో మెల్లగా అన్నాడు. "అన్నాచ్చీ, జబ్బు మిల్లుకు కాదు కదా, అక్కకు కదా. అక్క పేరేసి, డాక్టరు చీటీ జత చేసుంటే, ఆ హ్యాండ్లింగ్ రుసుముతోనే రెండు రోజుల్లో ఇంటికొచ్చుండేది." చిన్నాయన చేతిలోని మిల్లు కాగితాలు కింద పెట్టారు. తర్వాత, "ఇప్పుడు పేరు మార్చొచ్చునా?" అని అడిగారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. మార్చవచ్చు, కానీ పంపినవాళ్ళు ఉత్తరం రాయాలి, కొరియర్ వాళ్ళు ఒప్పుకోవాలి, కస్టమ్స్ మళ్ళీ మొదటి నుంచీ చూడాలి.

చిన్నమ్మకు ఇవేవీ చెప్పలేదు. పొద్దున నేను ఉప్పునీళ్ళ గిన్నె తెచ్చేసరికి, "పార్సెల్ వచ్చినాదా?" అని అడిగేది. వస్తా ఉందనేదాన్ని. "ఎక్కడుంది?" అంటే మద్రాసులో అనేదాన్ని. "మద్రాసా? ఒక రాత్రి రైలే కదమ్మా!" అని ఆశ్చర్యపోయేది. ఆ మాట వరండాలోకి వినబడిందో ఏమో, చిన్నాయన ఆ రాత్రే రైలెక్కారు. కొరియర్ ఆఫీసు బెంచీ మీద రెండు రోజులు కూర్చుని వట్టి చేతులతో తిరిగొచ్చారు. రెండోసారి వెళ్ళినప్పుడు పెట్టెను ఒళ్ళో పెట్టుకుని వచ్చారు. పెట్టె మీద పాత చీటీ కొట్టేసి, చిన్నమ్మ పేరుతో కొత్తది అంటించారు. చూపిస్తే ఆమె మురిసిపోయింది. "నా పేరుకే వచ్చినాదా!" అని చీటీని వేలితో తడిమింది. ఆమె పేరున ఆ ఇంటికి వచ్చిన మొదటి వస్తువు అదే.

ఆ రోజే కొత్త కట్టు వేశాను. మర్నాడు పొద్దున చిన్నాయన మిల్లుకు వెళ్ళలేదు. గదిలో గోడకానుకుని నిలబడ్డారు. చిన్నమ్మ ఎప్పటిలాగే మంచం పట్టెను పట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది. నేను అంచు పట్టి ఎత్తాను. కట్టు దానంతటదే లేచి వచ్చింది. పొక్కిన చోటు కదలను కూడా లేదు. అన్నీ తీసేసి, "అయిపోయింది చిన్నమ్మా," అన్నాను. ఆమె నమ్మలేదు. ఒక కన్ను తెరిచి చూసింది.

"ఇంతేనా?" అంది. రెండు చేతులూ వదిలేసి నవ్వింది, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. భర్త వైపు తిరిగి, "చూసినారా, ఇంతే! నొప్పే లేదు!" అంది. ఆయనను దెప్పాలని కాదు. ఆ సంతోషం ముందుగా ఆయనకు చెప్పాలనిపించింది, చెప్పింది. ఆయన తల ఊపి పెరట్లోకి వెళ్ళారు. కుళాయి చాలాసేపు పోతూనే ఉంది. నేను వెళ్ళి దాన్ని కట్టెయ్యలేదు.

పుళ్ళలోంచి చీము విషం అప్పటికే రక్తంలోకి పాకింది. ఆ వారం దాటకుండా చిన్నమ్మ పోయింది. పెట్టెలో సగానికి పైగా అలాగే మిగిలిపోయింది. కట్టు ముందే వచ్చుంటే బతికేదని చెప్పలేమని డాక్టరు అన్నాడు. ఓదార్చడానికే అన్నాడు, నిజమే కూడా అయివుండొచ్చు. కొన్నాళ్ళ తర్వాత ఒకసారి చిన్నాయన నాతో, "కడపట్లో నొప్పి లేకుండా పోయినాది అంటారమ్మా అందరూ. ఆ నవ్వు చూసినాకనే, అంతకు ముందు పొద్దులన్నీ నాకు తెలిసినాయి," అన్నారు.

కాలం అందరికీ ఒకేలా గడుస్తుందంటారు కానీ, ఆ కొద్ది వారాలు మాకు ఫోన్లలోనూ రైళ్ళలోనూ గడిచాయి, ఆమెకు ఒక్కొక్క పొద్దూ ఒంటి మీద గడిచింది.